పేరు పెట్టడం

క్లాక్స్‌విక్ రేవు. చేపల గోదాం మీద రెండో అంతస్తు.
కిటికీ అవతల వాన అడ్డంగా పడుతోంది.
నిలువుగా పడే అలవాటు ఇక్కడి వానకి లేదు.
రన్‌వా కుర్చీలో మఠం వేసుకుని
కాటాల ప్రోగ్రాం తెరిచింది.

కింద, ఒక్కో కాడ్ పెట్టెలోంచి
రెండొందల గ్రాములు ఎటో పోతున్నాయి.
మార్చి నుంచి ఇదే వరస.
పొద్దున్నే పడవవాళ్లు మెట్లెక్కి వచ్చి అరిచి వెళ్లారు,
వాళ్ల బూట్ల తడి ఇంకా ఆరలేదు.

ఎడిటర్లో ఒక ప్లగిన్ ఉంది.
ఏ లైను మీద కర్సర్ ఆగినా
పక్కనే బూడిదరంగులో
రాసినవాళ్ల పేరూ, రాసిన తేదీ
చెవిలో చాడీలా ఊదుతుంది.
నాలుగేళ్లుగా ఆమె చదువుతున్నది కోడ్ కాదు,
ఈ చాడీలే.

నూట పద్దెనిమిదో లైను.
రెండొందలు తీసెయ్, అంతే.
ఎందుకో ఒక్క ముక్క రాసి చావలేదు.
పక్కన బూడిదరంగు: బార్దుర్, మూడేళ్ల కిందట, ఆగస్టు.

"వీడి చేతులు పడ!" అనుకుంటూ ఫోన్ చేసింది.
అవతల గొర్రెల అరుపులు, గాలి, మధ్యలో కుర్రగొంతు:
"నేనా? ఉన్నదే ఒక్క నెల.
ట్యాబులు తీసి స్పేసులు పెట్టాను.
మీరే కదా పెట్టమన్నారు?"

పైకి వెళ్లింది. ఒకటో లైను, బార్దుర్.
రెండోది, బార్దుర్.
నాలుగు వేల లైన్లూ బార్దుర్!
గుడి ఊడ్చినవాడి పేరు
శిలాఫలకమంతా ఎక్కినట్టు.
పన్నునొప్పితో తెల్లార్లూ కూర్చుని
తను రాసిన లైను కూడా,
పాపం, బార్దుర్‌దే.

సెట్టింగుల్లోకి వెళ్తే రెండు మీటలు:
ఆపెయ్. తీసెయ్.
రెండూ ఒకటి కావు.
మాటలు మానేసిన చుట్టానికీ
కాటికెళ్లిన చుట్టానికీ ఉన్నంత తేడా.
ఆమె ఆపింది.

ఎడిటర్ ఓసారి మూసుకుని, తెరుచుకుంది.
బూడిదరంగు లేదు.
లైన్ల చివర తెల్లటి ఖాళీ,
మంచులో ఎవరూ నడవని మేర.

ఇక మొదటినుంచీ చదవక తప్పలేదు.
కాఫీ చల్లారింది. చదివింది.

ప్రతి షరతునీ "కాకపోతే"తో మొదలుపెట్టింది తూరి.
ఆవిడ మాటలూ అంతే,
"రానని కాదుగానీ" అంటూ వచ్చేది,
పురిటి సెలవు అడిగినప్పుడు కూడా.
బ్రాకెట్ ముందు రెండు ఖాళీలు వదిలేది ఎవరో తెలియలేదు,
ఆ ఖాళీలూ బార్దుర్ సర్దేసి ఉంటాడు.
ఇక నూట పద్దెనిమిది.
అక్కడ పెట్టె బరువుకి పెట్టిన పేరు: లుండి.
పఫిన్ పిట్ట.
లెక్కల్లోకి పిట్టల్ని తోలేవాడు
ఈ గోదాంలో ఒక్కడే.

హత్లుర్ రేవుగట్టు మీద దొరికాడు,
రిటైరయ్యాక రోజూ దొరికే చోటే.
"ఓ, అదా. చెక్కపెట్టెలు.
చెక్క నీళ్లు తాగుతుంది.
పెట్టెకి రెండొందల గ్రాములు తాగేది.
చేపల బరువులో ఆ నీళ్లు కలవకూడదని తీసేశాను.
పెట్టెలు ఇంకా చెక్కవేనా?"

ఆమె గోదాం వైపు చూసింది.
మార్చిలో వచ్చిన నీలం ప్లాస్టిక్ పెట్టెలు
ఒకదాని మీద ఒకటి,
చుక్క నీరు తాగనివి,
వానలో మెరుస్తున్నాయి.

లైను చెరిపేసింది.
చెరిపిన చోట ఒక వాక్యం రాసింది:
ఇక్కడ చెక్క తాగిన నీళ్లు ఉండేవి.
పిట్టని మాత్రం ఉంచింది.

సాయంత్రం పడవవాడు మళ్లీ మెట్లెక్కాడు.
"ఇంతకీ తప్పు ఎవరిది?"

పేరు పెట్టడమంటే వంక పెట్టడం కూడానని
ఆ చాడీల ప్లగిన్‌కి తెలుసో లేదో.
ఆమె తెరవైపు చూసింది, అలవాటు.
అక్కడ ఎవరూ లేరు.

"చెక్కది" అంది.

వాడు కాసేపు నిలబడ్డాడు.
చొక్కా జేబులోంచి తడిసిన చీటీ తీసి
రేపటి పెట్టెలు ఎన్నో రాసి
బల్ల మీద పెట్టి దిగిపోయాడు,
పేరు రాయకుండా.